కణమరణం, పాఠం 4: ట్యూనెల్ వెలిగితే అపాప్టోసిస్ అని తేలిపోదు

షిగా టాక్సిన్ (ఒక బాక్టీరియా విషం) ఇచ్చిన ఎలుక కిడ్నీ ఎందుకు దెబ్బతింది అని పోయినసారి అడిగితే చాలామంది ఒకటే జవాబు రాశారు: "షిగా టాక్సిన్ ఇచ్చిన ఎలుక కిడ్నీలో ట్యూనెల్ పాజిటివ్ వచ్చింది, కాబట్టి అపాప్టోసిస్ వల్లే కిడ్నీ దెబ్బతింది." ట్యూనెల్ అంటే చచ్చే కణాలకి రంగు వేసే పరీక్ష, అపాప్టోసిస్ అంటే కణం పగలకుండా తనంతట తాను ముడుచుకుని చావడం. ఈ ముక్క తేల్చకుండా నెక్రాప్టోసిస్‌లోకి (కణం తన సొంత ఏర్పాటుతోనే పగిలి చావడం) వెళ్లి లాభం లేదు, అది వచ్చేసారి.

ట్యూనెల్ రంగు వేసేది తెగిన డీఎన్‌ఏ కొసలకి. ఎవరు తెంపారో దానికి అనవసరం. పైరాప్టోసిస్‌లోనూ (కణం పొరకి చిల్లులు పడి, ఉబ్బి, వాపు రేపుతూ చావడం) డీఎన్‌ఏ తెగుతుంది, నెక్రోసిస్‌లోనూ (దెబ్బ తగిలి కణం పగిలిపోవడం) తెగుతుంది. అనెక్సిన్ అనే రంగు పరీక్ష చూశాం కదా అంటారా? మామూలుగా పొర లోపలివైపు ఉండే ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు బయటికి తిరిగితే అది పట్టుకుంటుంది, నిజమే, కానీ పొర చిరిగితే లోపలికి దూరి అక్కడున్నదాన్నీ పట్టుకుంటుంది. స్టాఫ్ ఆరియస్ బాక్టీరియా ఆల్ఫా టాక్సిన్ చేసే పనే పొరకి చిల్లు పెట్టి కణాన్ని పగలగొట్టడం! కణం లోపలుండే ఎంజైమ్ ఎల్‌డీహెచ్ బయటికి కారిందంటే పైరాప్టోసిస్ అనేవాళ్లూ ఉన్నారు. కల్చర్‌లో అపాప్టోసిస్‌తో చచ్చిన కణాన్ని తినేసే మాక్రోఫేజ్ లేకపోతే అది కూడా చివరికి పగిలి ఎల్‌డీహెచ్ వదులుతుంది. నేనైతే ముందు కోతపడ్డ కాస్పేజ్-3 (అపాప్టోసిస్ నడిపే ఎంజైమ్), కోతపడ్డ గ్యాస్డెర్మిన్-డి (తెగితే పొరకి చిల్లులు పెట్టి పైరాప్టోసిస్ తెచ్చే ప్రోటీన్) రెండూ పక్కపక్కన బ్లాట్‌లో (ప్రోటీన్లని విడదీసి గుర్తించే పరీక్ష) చూస్తాను, రంగుల ఫోటోలు తర్వాత.

ఇంకో తప్పు "వల్లే" అన్న మాటలో ఉంది. కణాలు చచ్చాయి సరే, ఆ చావుని ఆపితే అవయవం నిలబడిందా? ఆపేటప్పుడు కూడా ఏది ఆగిందో చూసుకోవాలి. కాస్పేజ్-1 (వాపు రేపే మరో కాస్పేజ్) లేని ఎలుకలు ఎల్‌పీఎస్ (బాక్టీరియా పొరలోని విష పదార్థం) షాక్‌ని తట్టుకుంటాయని ఏళ్ల తరబడి కాస్పేజ్-1నే నిందించారు. ఆ ఎలుకల్లో కాస్పేజ్-11 కూడా లేదని 2011లో బయటపడింది, అసలు దోషి అదే. మనుషుల్లో ఆ పని కాస్పేజ్-4, కాస్పేజ్-5 చేస్తాయి. జీవ్యాడ్ (కాస్పేజ్‌లని ఆపే మందు) వేసినా కణాలు చస్తున్నాయంటే కాస్పేజ్‌లకి సంబంధం లేదని రాసేయకండి. కాస్పేజ్-8 ఆగితే ఆర్‌ఐపీకే3 (నెక్రాప్టోసిస్ నడిపే ఎంజైమ్) ఉన్న కణం నెక్రాప్టోసిస్ దారి పట్టొచ్చు.

అభ్యాసం. ఒక టాక్సిన్ ఇచ్చిన ఎలుక కిడ్నీలో కాస్పేజ్-3 కోత లేదు, గ్యాస్డెర్మిన్-డి కోత ఉంది. గ్యాస్డెర్మిన్-డి తీసేసిన ఎలుకలో చచ్చిన కణాలు సగానికి తగ్గాయి, క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగేది) మాత్రం అంతే పెరిగింది. మూడు వివరణలు రాయండి, ఒక్కోదాన్ని కొట్టేయగల ప్రయోగం ఒక్కొక్కటి చెప్పండి. చచ్చినవి ట్యూబ్యూల్ (కిడ్నీలో మూత్రం పారే సన్న గొట్టం) కణాలా, రక్తనాళాల లోపలి పొర కణాలా అని అడగని జవాబు నేను దిద్దను.