పాత పెట్రోల్ జిప్సీకి పికప్ పెంచి, పెట్రోల్ ఖర్చు తగ్గించడం ఎలా?

జిప్సీకి పికప్ లేదంటే మన దగ్గర వినిపించే సలహాలు రెండే: పెద్ద టైర్లు వేయించు, సైలెన్సర్ మార్పించు. రెండూ తప్పే. పెద్ద టైరు వేస్తే ప్రతి గేరులోనూ ఇంజన్ మరింత ఈడ్చాలి. పైగా కిలోమీటర్ల మీటరు తక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజ్ లెక్క కూడా చెడుతుంది. కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న జిప్సీ కింగ్‌లో ఉన్నది 1,298 సీసీ ఇంజన్. పట్టించుకోక వదిలేసిన ఏళ్లలో అది పోగొట్టుకున్న బలాన్ని తిరిగి రాబడితే చాలు, పెట్రోల్ కూడా తగ్గుతుంది. అదనంగా ఏదీ బిగించనక్కర్లేదు. ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచే ఎంపీఎఫ్ఐ జిప్సీ మీదైతే చక్రాలు, ఫిల్టర్, ప్లగ్గుల పని వరకు చేసుకుని, మిగతాది స్కానర్ ఉన్న గ్యారేజీలో చూపించండి.

కావలసినవి: పానాల సెట్టు, ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు), టైమింగ్ లైట్ (ప్లగ్ నిప్పు వేసినప్పుడల్లా మెరిసే లైటు), ఆర్పీఎం మీటరు, బండి మాన్యువల్. టైమింగ్ లైట్ లేకపోతే పని మొదలుపెట్టవద్దు.

మొదట బండి తేలిగ్గా దొర్లుతోందో లేదో చూడండి. టైర్లలో గాలి మాన్యువల్ చెప్పినంత ఉండాలి. చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు తోస్తే కదలాలి. కదలడానికి మొరాయిస్తే బ్రేకులు పట్టేస్తున్నాయన్నమాట. లంక ఊళ్ల బురదలో, చెరువు గట్ల మీద తిరిగే బండ్లకు ఇది మామూలే. ముందు చక్రాలకు ఫ్రీ వీలింగ్ హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసేవి) ఉంటే తారు రోడ్డు మీద వాటిని ఫ్రీలోనే ఉంచాలి. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపితే ముందు, వెనక యాక్సిళ్లు ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. పెట్రోల్‌తో పాటు ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు యాక్సిళ్లకూ శక్తిని పంచే గేరు పెట్టె) కూడా పాడవుతుంది.

ఎయిర్ ఫిల్టర్ మార్చండి. దాళ్వా (రెండో పంట) కోతల కాలంలో ఊక, దుమ్ము పట్టి అది చెప్పిన గడువు కంటే ముందే మూసుకుపోతుంది. గాలి కొట్టించి మళ్లీ వేయడం నాకు నచ్చదు, కొత్తదే వేయండి. ప్లగ్గుల గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో తిరిగే బండికి ప్లగ్ వైర్ల చివరలు, బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కూడా విప్పి శుభ్రం చేయాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా ఆపి ఉంచాక, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) మాన్యువల్ చెప్పినట్టు సెట్ చేయండి. చప్పుడు లేకపోతే బాగున్నట్టని కొందరు వాటిని బిగించేస్తారు. బిగుసుకున్న ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగ్గా మూసుకోక కాలిపోతుంది. సన్నగా టిక్ టిక్ మనడమే మంచిది.

ఇక అసలు పని ఇగ్నిషన్ టైమింగ్. ఎక్కువ బండ్లు చెడేది ఇక్కడే.

పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే ప్లగ్ నిప్పు వేయాలి, ఎందుకంటే మంట వ్యాపించడానికి సమయం పడుతుంది. ఆలస్యంగా వేస్తే పిస్టన్ కిందికి దిగిపోతున్నా పెట్రోల్ మండుతూనే ఉంటుంది. ఆ వేడి పని చేయకుండా సైలెన్సర్ లోకి, రేడియేటర్ లోకి పోతుంది. పికప్ ఉండదు, బండి వేడెక్కుతుంది. మరీ ముందు వేస్తే పైకి వస్తున్న పిస్టన్‌ను మంటే వెనక్కి తోస్తుంది. నాకింగ్, అంటే ఇంజన్ లోపల గలగల కొట్టుకునే చప్పుడు, మొదలవుతుంది. అది అలాగే సాగితే పిస్టన్‌కు రంధ్రం పడుతుంది.

చాలామంది మేస్త్రీలు డిస్ట్రిబ్యూటర్‌ను (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంపే భాగం) చెవితో తిప్పుతారు: ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, ఇంజన్ ఎక్కడ జోరుగా తిరిగితే అక్కడ బిగిస్తారు. ఖాళీ ఇంజన్‌కు అది బాగానే వినిపిస్తుంది. కానీ అలా పెట్టిన టైమింగ్ దాదాపు ఎప్పుడూ ఎక్కువ ముందుకే ఉంటుంది. వెనక మేత బస్తాలు వేసుకుని ఏటిగట్టు ఎక్కినప్పుడు దాని ఫలితం తెలుస్తుంది.

సరైన పద్ధతి ఇది. ఆరుబయటే చేయండి. మూసిన షెడ్డులో ఇంజన్ పొగ ప్రాణం తీస్తుంది. చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టండి, ఫ్యాను బెల్టుకు చుట్టుకుంటుంది. పాత మోడల్‌లో పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును తెంచే కాంటాక్టులు) ఉంటే ముందు వాటి గ్యాప్ సరిచేయాలి. తర్వాత గ్యాప్ మార్చితే టైమింగ్ కూడా మారిపోతుంది.

ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. లైట్లు ఆపండి. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ ట్యూబు మాన్యువల్ తీయమంటే తీసి, దాని నోరు మూయండి. ఇప్పుడు ఐడిలింగ్‌ను మాన్యువల్‌లోని ఆర్పీఎంకు దించాలి. ఈ అడుగును దయచేసి వదిలేయకండి. ఐడిలింగ్ ఎక్కువగా ఉంటే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు అప్పటికే విచ్చుకుని టైమింగ్‌ను ముందుకు జరిపేస్తాయి. మీకు కనిపించేది దొంగ లెక్క అవుతుంది. ఆ లెక్కకు సెట్ చేస్తే అసలు టైమింగ్ వెనకబడుతుంది, బండి మళ్లీ మందగిస్తుంది.

లైట్ క్లిప్పును ఒకటో సిలిండర్ వైరుకు పెట్టి, మాన్యువల్ చూపిన టైమింగ్ గుర్తుల మీదికి వెలుగు కొట్టండి. డిస్ట్రిబ్యూటర్ బోల్టు కొంచెం వదులు చేసి, గుర్తు మాన్యువల్ చెప్పిన డిగ్రీకి వచ్చేదాకా వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. రోటార్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముక్క) తిరిగే వైపు తిప్పితే టైమింగ్ వెనక్కి, ఎదురు తిప్పితే ముందుకు. బిగించేటప్పుడు అది జరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ చూడండి. తర్వాత నెమ్మదిగా రేస్ చేయండి. గుర్తు జర్కులు లేకుండా ముందుకు కదలాలి. కదలకపోతే లోపలి బరువులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. వాటిని సరిచేయకుండా ఎంత తిప్పినా లాభం లేదు. వాక్యూమ్ ట్యూబును నోటితో పీల్చి చూడండి, లోపలి ప్లేటు కదలాలి. అది చెడితే పెద్దగా తెలియదు గానీ మైలేజ్ పడిపోతుంది.

ట్యూబు మళ్లీ తగిలించి, బరువు వేసుకుని ఇసుక ర్యాంపుకో, రావులపాలెం వంతెన ఎత్తుకో తీసుకెళ్లండి. మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇనుప గోలీలు గలగలలాడినట్టు వినిపిస్తే వెంటనే కాలు తీసి, ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పెట్టండి. ఏమీ వినిపించలేదని మాన్యువల్ కంటే ముందుకు పెట్టవద్దు. హైవే స్పీడులో ఇంజన్ చప్పుడు నాకింగ్‌ను కప్పేస్తుంది. నాకింగ్ లేని బండికి ఖరీదైన ప్రీమియం పెట్రోల్ పోయడం డబ్బు వృథా.

టైమింగ్ కుదిరాకే కార్బురేటర్ ముట్టుకోండి. ఇంజన్ నిలకడగా తిరిగే చోట మిక్స్చర్ స్క్రూ (ఐడిలింగ్‌లో పెట్రోల్, గాలి పాళ్లు మార్చేది) ఆపండి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌లో శక్తి ఆరేడు శాతం తక్కువ. కార్బురేటర్ దానికి తగ్గట్టు తనంతట తాను సర్దుకోలేదు, మిశ్రమం పలచబడుతుంది. బరువు మీద బండి తడబడుతుంటే మెయిన్ జెట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నని రంధ్రం) గురించి కార్బురేటర్ పని బాగా తెలిసినవాళ్లతో మాట్లాడండి, మిక్స్చర్ స్క్రూతో అది తీరదు. పాత రబ్బరు పెట్రోల్ ట్యూబులు మార్చేయండి. వానాకాలంలో బండి నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాంకులో పెట్రోల్ వదిలేయకండి, ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది.

చివరగా ట్యాంకు నిండా పోయించి, మామూలుగా తిప్పి, అదే బంకులో మళ్లీ నింపించి లెక్క చూడండి. ఇంత చేసినా తేడా లేకపోతే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. ఒకటి బాగా తక్కువగా ఉంటే అది రింగులదో వాల్వులదో సమస్య. ఇంజన్ విప్పించాల్సిందే.