హరితరేణువు జీనోమ్‌లో రైబోజోమ్ ప్రోటీన్ జన్యువులను గుర్తించే విధానం

పుష్పించే మొక్కల హరితరేణువు జీనోమ్‌లో (దాని మొత్తం డీఎన్‌ఏలో) రైబోజోమ్ (ప్రోటీన్లను తయారుచేసే కణ యంత్రం) ప్రోటీన్ల జన్యువులు సాధారణంగా 21 రకాలు ఉంటాయి. వీటిలో 12 చిన్న ఉపభాగానికి చెందిన ఆర్‌పీఎస్ జన్యువులు, 9 పెద్ద ఉపభాగానికి చెందిన ఆర్‌పీఎల్ జన్యువులు. మిగిలిన ప్రోటీన్ల జన్యువులు కేంద్రకంలో ఉంటాయి కనుక వాటి కోసం ఇక్కడ వెతకనక్కరలేదు.

ముందుగా దగ్గరి బంధుజాతి మొక్క ప్రోటీన్ వరుసలను తీసుకుని, టీబ్లాస్ట్‌ఎన్‌తో (ప్రోటీన్ వరుసకు సరిపోయే డీఎన్‌ఏను వెతికే ప్రోగ్రాంతో) మీ జీనోమ్‌లో వెతకండి. డీఎన్‌ఏను ప్రోటీన్‌గా అనువదించడానికి 11వ జన్యు సంకేత పట్టికను (బ్యాక్టీరియాకు, హరితరేణువులకు వాడేది) ఎంచుకోవాలి. జీసెక్ వంటి, జన్యువులను తానే గుర్తించే సాధనం చాలా జన్యువులను సరిగానే పట్టిస్తుంది. అయినా ఎక్సాన్ల (జన్యువులో ప్రోటీన్ సమాచారం ఉండే ముక్కల) హద్దులను కంటితో చూడకుండా ఆ ఫలితాన్ని స్వీకరించరాదని నా దృఢమైన అభిప్రాయం.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది ఆర్‌పీఎస్12. దీని మొదటి ఎక్సాన్ పెద్ద ఏకప్రతి ప్రాంతంలో (జీనోమ్‌లో ఒక్కసారే ఉండే పొడవైన భాగంలో) ఉండగా, మిగతా రెండూ ఎంతో దూరాన, విలోమ పునరావృత ప్రాంతంలో (తిరగబడిన దిశలో రెండు ప్రతులుగా ఉండే భాగంలో) ఉంటాయి. విడివిడిగా తయారైన ఆర్‌ఎన్‌ఏ ముక్కలను తర్వాత కణం జతచేస్తుంది. పొగాకులో ఈ ఎక్సాన్ల పొడవులు 114, 232, 26 న్యూక్లియోటైడ్లు (డీఎన్‌ఏ అక్షరాలు). మొత్తం 372, అంటే ముగింపు కోడాన్‌తో కలిపి 124 కోడాన్లు (మూడక్షరాల సంకేతాలు). మీ మొత్తం మూడుతో భాగించబడకపోతే ఏదో ఒక హద్దు తప్పిందన్నమాట.

ఆర్‌పీఎల్16 మొదటి ఎక్సాన్ కేవలం 9 న్యూక్లియోటైడ్లే (ఏటీజీసీటీటీఏజీటీ) కావడంతో సాఫ్ట్‌వేర్ దాన్ని తరచు వదిలేసి, జన్యువు రెండో ఎక్సాన్‌తోనే మొదలైనట్టు చూపుతుంది; అందువల్ల ఇంట్రాన్‌కు (ఎక్సాన్ల మధ్య తొలగించబడే భాగానికి) ముందున్న వరుసలో ఆ తొమ్మిది అక్షరాలను మీరే వెతికి చేర్చాలి.

ప్రారంభ కోడాన్ మామూలు ఏటీజీ కాకపోయినంత మాత్రాన జన్యువు చెడిపోయిందని అనుకోకండి. ఆర్‌పీఎస్19 చాలా మొక్కల్లో జీటీజీతో మొదలవుతుంది. మొక్కజొన్న ఆర్‌పీఎల్2లో డీఎన్‌ఏపై ఏసీజీగా ఉన్నది ఆర్‌ఎన్‌ఏ సవరణలో ఏయూజీగా మారుతుంది. అయితే విలోమ పునరావృతం అంచున ఆర్‌పీఎస్19 ముక్క ఒకటి కనిపిస్తే, అది అసంపూర్ణ ప్రతి కావచ్చు. పూర్తి పఠన చట్రం (ప్రారంభ కోడాన్ నుంచి ముగింపు కోడాన్ వరకు తెగని వరుస) లేనిదాన్ని జన్యువుగా లెక్కించకండి.

ఒక జన్యువు అసలే దొరకకపోతే మొదట ఆ చోట రీడ్ల కవరేజీని (సీక్వెన్సింగ్‌లో చదివిన ముక్కలు ఆ చోటును ఎన్నిసార్లు కప్పాయో) చూడండి. కవరేజీ నిండుగా ఉంటే నిజంగానే లోపించి ఉండవచ్చు: బఠాణీలో ఆర్‌పీఎల్22 కేంద్రకానికి తరలిపోయింది, పాలకూరలో ఆర్‌పీఎల్23 మిథ్యాజన్యువుగా (పనిచేయని జన్యు అవశేషంగా) మిగిలింది. అటువంటప్పుడు కేంద్రక ట్రాన్స్‌క్రిప్టోమ్‌లో (కేంద్రక జన్యువుల ఆర్‌ఎన్‌ఏ మొత్తంలో) అదే ప్రోటీన్ కోసం వెతికి, దాని ముందు హరితరేణువుకు చేర్చే సంకేత పెప్టైడ్ ఉందో లేదో పరిశీలించాలి.