‘అని’ని వదిలించుకుంటే ఇన్‌డైరెక్ట్ స్పీచ్ కుదిరింది

‘గాజువాక బస్సు ఎక్కడ ఆగుతుంది అని అడిగాడు.’ ఇలా ఒకరన్న మాటను మనం ఇంకొకరికి చెప్పడమే ఇన్‌డైరెక్ట్ స్పీచ్. తెలుగులో ప్రశ్నను కదపకుండా చివర ‘అని’ తగిలిస్తే చాలు. విశాఖలో మనం రోజూ మాట్లాడే ఆ అలవాటే ఇంగ్లీషులో ‘హి ఆస్క్‌డ్ మీ దట్ వేర్ డజ్ ద బస్ స్టాప్’ అని రాయిస్తుంది. ఇందులో ‘దట్’ ఉండకూడదు, ‘డజ్’ పోవాలి, క్రియ కాలం (టెన్స్) మారాలి. సరైనది: ‘హి ఆస్క్‌డ్ మీ వేర్ ద బస్ స్టాప్‌డ్’.

నాకు పనిచేసిన క్రమం ఇది. ముందు ప్రశ్నను మామూలు వాక్యంగా తిప్పాలి: కర్త ముందు, క్రియ వెనక. కాలం సంగతి ఆ తర్వాతే. రెండూ ఒకేసారి చేయబోతే ‘డిడ్’ దగ్గర తప్పకుండా తడబడతాం. ‘వేర్ డిడ్ యు గో’ అన్నది ‘వేర్ ఐ హ్యాడ్ గాన్’ అవుతుంది.

అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నకు ‘ఇఫ్’ లేదా ‘వెదర్’ పెట్టాలి. ‘ఆర్ యు గోయింగ్ టు ఆర్కే బీచ్ టుమారో?’ మారితే, ‘షి ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ వాజ్ గోయింగ్ టు ఆర్కే బీచ్ ద నెక్స్ట్ డే’. చివర ప్రశ్నార్థకం కాదు, ఫుల్‌స్టాప్.

‘టుమారో’ ‘ద నెక్స్ట్ డే’ అయింది కదా అని ‘హియర్’ను మాత్రం గుడ్డిగా ‘దేర్’ చేయొద్దు. ఆ మాటను తిరిగి చెప్పేవాడు ఇంకా అదే చోట ఉంటే ‘హియర్’ అలాగే ఉంటుంది.