ఇంటి వాతావరణ కేంద్రం నెలకు ఎంత డేటా వాడుతుంది? లెక్కగట్టడం, తగ్గించడం ఎలా?

ఉష్ణోగ్రత, తేమ, గాలి పీడనం, గాలి వేగం, దిశ, వాన... ఇవన్నీ కలిపినా ఒకసారి పంపే అంకెలు అర కేబీకి అటూఇటుగా ఉంటాయి. అయినా సిమ్ కార్డు రూటర్ మీద నడిచే కేంద్రాలు కొన్ని నెల సగం కాకముందే డేటా ప్యాక్ అవగొట్టేస్తాయి. అంకెలు ఎంత తరచుగా పోతున్నాయి, ఎన్ని వాతావరణ సైట్లకు పోతున్నాయి, పక్కన ఇంకేం నడుస్తోంది అన్నవి చూస్తే కారణం దొరుకుతుంది. పరిమితి లేని ఫైబర్ ఉంటే ఈ లెక్కలతో పనిలేదు. మొబైల్ డేటాయో, కొలిచి ఇచ్చే కనెక్షనో ఉంటేనే కింది పనులు చేయండి.

1. ఏది లెక్కలోకి వస్తుందో చూసుకోండి

బయట ఉన్న సెన్సర్లు ఇంట్లోని కన్సోల్‌కు (రీడింగులు అందుకుని చూపించే పెట్టెకు) రేడియో తరంగాల మీద రీడింగులు పంపుతాయి. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. కన్సోల్ నుంచి అదే ఇంట్లోని కంప్యూటర్‌కు యూఎస్‌బీ మీద గానీ వైఫై మీద గానీ పోయేదీ ఉచితమే. రూటర్ దాటి బయటికి పోయేది, బయటి నుంచి లోపలికి వచ్చేది మాత్రమే ఖర్చు.

2. ఒక్క అప్‌లోడ్ బరువెంతో తెలుసుకోండి

చాలా కన్సోళ్లు ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరిచి, అంకెలన్నీ ఒకే పొడవాటి వెబ్ చిరునామాలో గుచ్చి పంపి, 'సరే' అన్న జవాబు తీసుకుని కనెక్షన్ మూసేస్తాయి. చిరునామా, హెడర్లు కలిపి 700 బైట్లు అనుకుందాం. జవాబు మరో 250. కనెక్షన్ తెరవడానికి, అందిందని చెప్పుకోవడానికి, మూయడానికి పది దాకా చిన్న ప్యాకెట్లు. ఒక్కోదానికి తక్కువలో తక్కువ 40 బైట్ల తల ఉంటుంది కాబట్టి ఇంకో 400. సర్వర్ పేరును ఐపీ చిరునామాగా మార్చుకోవడానికి ఇంకొంచెం. మొత్తం 1.5 కేబీ దగ్గర తేలుతుంది. అంటే అసలు సరుకు కంటే ప్యాకింగే ఎక్కువ.

హెచ్‌టీటీపీఎస్ (రహస్యంగా మార్చి పంపే వెబ్ పద్ధతి) అయితే ప్యాకింగ్ ఇంకా పెరుగుతుంది. సర్వర్ తన సర్టిఫికెట్లు పంపి, రెండు వైపులా తాళాలు కుదుర్చుకునేసరికి మరో 4 నుంచి 6 కేబీ పోతుంది. కనెక్షన్‌ను మూయకుండా మళ్లీ వాడుకునే సాఫ్ట్‌వేర్ అయితే ఈ భారం ఒక్కసారికే పరిమితం. చిన్న కన్సోళ్లు ఆ పని చేస్తాయన్న ఆశ పెట్టుకోకండి.

3. నెల లెక్క వేయండి

86,400ను అప్‌లోడ్ల మధ్య వ్యవధితో (సెకన్లలో) భాగించండి. రోజుకు ఎన్ని అప్‌లోడ్లో వస్తుంది. దాన్ని ఒక్క అప్‌లోడ్ కేబీలతో, సైట్ల సంఖ్యతో, 30తో గుణించి, 1,000తో భాగిస్తే నెలకు ఎన్ని ఎంబీలో తేలుతుంది. ఒకే సైట్‌కు, 1.5 కేబీ చొప్పున:

- 5 నిమిషాలకోసారి: 13 ఎంబీ
- నిమిషానికోసారి: 65 ఎంబీ
- 16 సెకన్లకోసారి: 243 ఎంబీ
- 2.5 సెకన్లకోసారి: 1.5 జీబీకి పైనే

ఈ చివరి వరుసలోనే చాలామంది చిక్కుకుంటారు. ఇంటి కేంద్రాల రీడింగులు తీసుకునే వెదర్ అండర్‌గ్రౌండ్ సైట్‌కు పంపేటప్పుడు కనిపించే 'రాపిడ్ ఫైర్' అంటే ఇదే. పైగా ఇది ఒక్క సైట్ సంగతి. నాలుగు సైట్లకు పంపితే నాలుగింతలు.

4. నిజంగా ఎంత పోతోందో ఒక రోజు కొలవండి

రూటర్‌లో ఒక్కో పరికరానికి విడిగా వాడకం చూపించే పేజీ ఉంటే అదే చాలు. లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ వాడండి. ఇంటి వైఫైకి ఉన్న పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకమే హాట్‌స్పాట్‌కూ పెట్టి రూటర్ ఆపేస్తే, కన్సోల్‌ను ముట్టుకోకుండానే అది ఫోన్‌కు తగులుకుంటుంది. హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్ మీద పెట్టండి. ఎక్కువ కన్సోళ్లకు 5 గిగాహెర్ట్జ్ అసలు కనిపించదు. వాడకం లేనప్పుడు హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ తీసేయండి. ఫోన్‌ను ఛార్జర్‌కు పెట్టి 24 గంటలు వదిలేయండి. డేటా వాడకం పేజీలో హాట్‌స్పాట్ అంకె విడిగా ఉంటుంది. దాన్ని 30తో గుణించండి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, డేటా వాడకం లెక్కపెట్టే వీఎన్‌స్టాట్ ప్రోగ్రామ్‌తో కొలిచేవాళ్లు ఒక చోట మోసపోతారు. నెట్‌వర్క్ పోర్టు మీద పోయేదంతా అది లెక్కేస్తుంది. కన్సోల్ ఇంట్లోనే కొన్ని సెకన్లకోసారి వెదజల్లే రీడింగులు, పక్క గదిలోంచి మీరు తెరిచిన గ్రాఫులు కూడా అందులో కలుస్తాయి. బిల్లుకు సంబంధం లేని అంకె చూసి గాభరా పడతారు.

కొలిచింది లెక్కకు దగ్గరగా ఉంటే పెంచాల్సింది వ్యవధిని. లెక్క 65 ఎంబీ అని, కొలత 2 జీబీ అని వస్తే దొంగ వేరే చోట ఉన్నట్టే.

5. తగ్గించండి

ముందు రాపిడ్ ఫైర్ ఆపేయండి. కంప్యూటర్‌లో వీవెక్స్ అనే వాతావరణ కేంద్రం సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దాని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఆ పేరుతోనే లైను ఉంటుంది, 'ఫాల్స్' అని పెట్టి రీస్టార్ట్ చేయాలి. వ్యవధి 5 నిమిషాలు చేస్తే పోయేది తక్కువే. వాన లెక్క రోజు మొత్తంగా వెళ్తుంది కాబట్టి మధ్యలో చినుకు తప్పిపోదు. ఉష్ణోగ్రత, పీడనం అంత త్వరగా మారవు. నష్టం ఉంటే గాలి విసురు దగ్గరే. పంపే క్షణంలోని వేగం మాత్రమే పంపే కన్సోల్ అయితే మధ్యలో వచ్చిన పెద్ద విసురు సైట్‌లో కనిపించదు. రెండు అప్‌లోడ్ల మధ్య గరిష్ఠాన్ని పంపేదైతే ఆ బెంగ లేదు. గాలి కోసమే కేంద్రం పెట్టుకున్నవాళ్లు ఈ తేడా చూసుకుని నిమిషం దగ్గర ఆగడం మంచిది.

తరచుగా పంపక తప్పదంటే ఎంక్యూటీటీకి (చిన్న సందేశాలు పంపే పద్ధతికి) మారండి. కనెక్షన్ తెరిచే ఉంటుంది, ఒక్కో సందేశం 400 బైట్ల దగ్గర ముగుస్తుంది. నిమిషానికోసారి పంపినా నెలకు 17 ఎంబీ చాలు.

సొంత వెబ్‌సైట్ ఉంటే అసలు బరువు అక్కడుంటుంది. 10 కేబీ గ్రాఫులు పది, 60 కేబీ పేజీలు కలిపి ప్రతి 5 నిమిషాలకూ 160 కేబీ ఎక్కిస్తే నెలకు 1.4 జీబీ అవుతుంది. ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ వాడితే మారని ఫైళ్లను వదిలేస్తుంది గానీ, కొత్తగా గీసిన బొమ్మ దాదాపు మొత్తంగా పోవాల్సిందే. కాబట్టి అరగంటకోసారి ఎక్కించండి, 230 ఎంబీకి దిగుతుంది. ఇంతకంటే మేలైన పద్ధతి, అంకెలు మాత్రం పంపి గ్రాఫులు సర్వర్ దగ్గరే గీయించడం.

ఆకాశం చూపించే కెమెరా ఉంటే మిగతావన్నీ చిల్లరే. 150 కేబీ ఫొటో 5 నిమిషాలకోసారి పంపితే నెలకు 1.3 జీబీ. పగటి 12 గంటలే, 15 నిమిషాలకోసారి పంపితే 216 ఎంబీ. రాత్రి నల్లటి ఫొటోలు ఎలాగూ ఎవరూ చూడరు. లైవ్ వీడియో జోలికి పోకండి. 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్) అంటే గంటకు 450 ఎంబీ, రోజుకు 10.8 జీబీ.

కేంద్రం పక్కనున్న కంప్యూటర్‌ను మాత్రం మరిచిపోవద్దు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ ఒక్కటే వందల ఎంబీ లాగేస్తుంది. విండోస్ అయితే ఆ కనెక్షన్‌ను 'మీటర్డ్' అని గుర్తించండి. రాస్ప్‌బెర్రీ పై అయితే ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి, నెలకోసారి వేరే వైఫై మీద చేతితో చేయండి. పూర్తిగా మానేస్తే భద్రతా లోపాలు అలాగే ఉండిపోతాయి.

ఇన్నీ చేశాక కూడా అంకె తగ్గకపోతే సాఫ్ట్‌వేర్ లాగ్ (అది చేసిన పనులు, పొరపాట్లు రాసిపెట్టే ఫైల్) తెరవండి. పాస్‌వర్డ్ మారిన సైట్‌కు పంపిన ప్రతి అప్‌లోడూ తిరస్కారంతో వెనక్కి వస్తుంది. సైట్‌లో ఏమీ కనిపించకపోయినా డేటా మాత్రం మామూలుగానే ఖర్చవుతుంది, సాఫ్ట్‌వేర్ రెండు మూడు సార్లు మళ్లీ ప్రయత్నిస్తే అన్నింతలు అవుతుంది. లాగ్‌లో ఒకే పొరపాటు పదేపదే కనిపిస్తే పాస్‌వర్డ్ సరిచేయండి, లేదా ఆ సైట్‌ను జాబితా నుంచి తీసేయండి.