ఆటతో ఊరట – 5వ పాఠం: ఇసుక పెట్టె, రెండు దారులు

పోయిన పాఠంలో చెరువు బంకమట్టి చూశాం. ఈసారి ఇసుక: మనసు నొచ్చిన బిడ్డ మాటల్లో చెప్పలేనిది ఆటలో చూపే చోటు. 1929 నాటికే లండన్‌లో పిల్లల వైద్యురాలు డాక్టర్ మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ ఇసుక తొట్టి, చిన్న చిన్న బొమ్మలు పిల్లల ముందు పెట్టేవారు. పిల్లలే దానికి ‘లోకం’ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత స్విట్జర్లాండులో మానసిక చికిత్స చేసే డోరా కాల్ఫ్ దాన్ని మరో తీరులో పెంచారు.

పెట్టె లోపలి కొలత 28 అంగుళాల పొడవు, 20 వెడల్పు, 3 లోతు. అంతకంటే పెద్దదైతే బిడ్డ తల తిప్పకుండా మొత్తం చూడలేడు. లోపలంతా నీలం ఎనామిల్ రెండు పూతలు వెయ్యండి. ఇసుక పక్కకు తోస్తే ఏరో సముద్రమో కనపడాలి. సగం లోతుకు ఇసుక దాదాపు 22 కిలోలు పడుతుంది. నింపాక మోయడం కష్టం, కాబట్టి ముందే చోటు చూసుకోండి. పెన్న ఇసుక జల్లించి వాడితే మేలు. మైపాడు తీరం నుంచో కొత్తపట్నం తీరం నుంచో తెచ్చినదైతే మూడు నీళ్ళు కడిగి ఎండబెట్టాలి. ఉప్పు మిగిలితే గాలిలో తేమ పీల్చి ఎప్పుడూ జిగటగా ఉంటుంది, ఇనుప బొమ్మలు తుప్పు పడతాయి. మూత తప్పనిసరి. లేకపోతే రాత్రికి పిల్లి పాడు చేస్తుంది.

బొమ్మలు అరవై చాలు. మనుషులు, ఒంగోలు గిత్త, పాము, పులి, పడవ, ట్రాక్టరు, పోలీసు, గుడి, మసీదు, చర్చి, చెట్లు. కంచెకు ఐస్‌క్రీం పుల్లలు, ఇళ్ళకు అగ్గిపెట్టెలు. నెల్లూరు రొట్టెల పండగ అంగళ్ళలో సగం దొరుకుతాయి. అన్నీ బుట్టలో పోస్తే పైన ఉన్నవే చేతికొస్తాయి. రకం వారీగా బిడ్డ కంటి ఎత్తులో అరల్లో పెట్టండి.

ఆడించడానికి రెండు దారులు. మొదటి దారిలో నడిపేది బిడ్డ. “ఇక్కడ నీకు నచ్చినట్టు చేసుకోవచ్చు నాయనా” అని చెప్పి పక్కన కూర్చోండి. బొమ్మకు పేరు మీరు పెట్టకూడదు. “గిత్తను పాతిపెట్టావా?” అన్నారంటే, అది వాడి మనసులో నాన్న కావచ్చు, ఆ తలుపు మూసుకుంటుంది. “దాన్ని లోపలికి పెట్టేశావు” చాలు. “భలే కట్టావే!” అన్నా చిక్కే, అక్కణ్ణుంచి మెప్పు కోసం కడతాడు. పాము కనపడగానే అర్థాలు వెతక్కండి. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇంటి బిడ్డకు అది దేవుడు, వరి గట్ల మీద తిరిగే బిడ్డకు రోజూ కనపడే పురుగు.

రెండో దారిలో పని మీరిస్తారు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పటి లాంటి వరద చూసిన బిడ్డను ఉదాహరణగా తీసుకోండి. “నీళ్ళొచ్చే చోటు ఒకటి, ఎవరికీ ఏమీ కాని చోటు ఒకటి కట్టు” అంటారు. ముందు క్షేమంగా ఉండే చోటు కట్టించండి. వరదతో మొదలుపెడితే కొందరు బిగుసుకుపోతారు, ఆపేయమంటే వెంటనే ఆపాలి. ఒకే పూటలో రెండు దారులూ కలపొద్దు. ‘నీ ఇష్టం’ అని పావుగంట తర్వాత పని చెబితే, ఆ మాట ఇక నమ్మడు.

ఇసుక కళ్ళల్లో చల్లబోతే మూడు మాటలు, ఇదే వరసలో: “నీకు కోపమొచ్చింది. ఇసుక మనుషుల మీద చల్లడానికి కాదు. పెట్టెలో ఎంతైనా తవ్వుకో.” రెండో మాటతో మొదలుపెడితే తిట్టినట్టే వినపడుతుంది.

నలభై ఐదు నిమిషాల ఆట. ముగిసే ఐదు నిమిషాల ముందు చెప్పండి. కట్టింది బిడ్డ ముందు చెదరగొట్టకండి, వెళ్ళాక ఫొటో తీసి సర్దండి. అదే దృశ్యం, అదే ముగింపు వారాల తరబడి తిరిగొస్తూ ఊరట కనపడకపోతే అది మీ చేతిలో పని కాదు, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి పంపండి. బిడ్డపై లైంగిక దాడి జరిగిందనిపిస్తే గుచ్చి అడగొద్దు, పోలీసులకు చెప్పండి. 2012 పోక్సో చట్టం ప్రకారం అది తప్పనిసరి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది.

వచ్చే పాఠం లోపు అభ్యాసం: ఇంట్లో ఏ బిడ్డ ఆడుతున్నా పది నిమిషాలు ఒక్క ప్రశ్నా వెయ్యకుండా, చేస్తున్నది మాత్రమే మాటల్లో చెప్పండి. నోరు జారి ఎన్నిసార్లు అడిగారో కాగితం మీద గీతలు పెట్టుకోండి.