గుద్దుకున్న ఎంజీబీలో వంగిందేమిటి?

పక్క నుంచి వచ్చిన కారొకటి నా 1972 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఎడమ ముందు చక్రాన్ని గుద్దింది. పైకి చిన్న సొట్టే. కానీ రోడ్డెక్కితే బండి ఎడమకి లాగుతోంది, తిన్నగా పోతున్నా స్టీరింగ్ పక్కకి తిరిగే ఉంటోంది. అలైన్‌మెంట్ చేయిస్తే చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. వంగిన భాగాన్ని అలాగే ఉంచి టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేస్తే లోపం మరుగున పడుతుంది, అంతే.

టైర్లలో గాలి సరిచూసి, చదునైన నేల మీద చక్రాలు తిన్నగా పెట్టి, ముందు వెనక చక్రాల మధ్య దూరం రెండు పక్కలా కొలిచాను. ఎడమవైపు తగ్గింది. అంటే చక్రం వెనక్కి జరిగింది. మరి వంగింది చక్రం దగ్గరా, బాడీలోనా? దారానికి బరువు కట్టి బాడీ కింది బిగింపుల నుంచి వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఐమూలగా కొలిచాను. రెండు ఐమూలలూ సమానం, అంటే బాడీ వంగలేదు. ప్రాణం లేచొచ్చింది!

చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే చేతుల్ని విష్‌బోన్లంటారు, పైన ఒకటి, కింద ఒకటి. ఈ కారులో డ్యాంపర్ (కుదుపుల్ని అణిచేది) చెయ్యే పై విష్‌బోన్. అది బాగానే ఉంది. కింది విష్‌బోన్ వెనక ఆర్మ్ మీద మాత్రం పెయింట్ సన్నగా పగిలి పెచ్చులు లేచింది. కాయిల్ స్ప్రింగ్ నొక్కుడులో ఉంటుంది కాబట్టి జాకీ ఆనించి మెల్లగా దించి, ఆర్మ్ విప్పి ఉక్కు స్కేలు ఆనిస్తే మధ్యలో వెలుతురు కనబడింది. సాగగొట్టి వాడలేదు, కొత్తది వేశాను. స్టబ్ యాక్సిల్‌కి (చక్రం తిరిగే పొట్టి ఇరుసుకి) పగుళ్లను పట్టిచ్చే రంగు ద్రావణం పూసి చూస్తే పగుళ్లు లేవు. ఆర్మ్ కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌ల నట్లు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరిగా బిగించాను. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. టో అప్పుడు చేయించాను.