ముప్పై దాటాక అమెరికాలో మెడికల్ స్కూల్‌కి అప్లై చేయాలంటే

ఇంకో వృత్తిలో కొన్నేళ్లు గడిపాక డాక్టర్ కావాలనుకునేవాళ్లకి ముందు పట్టుకునే టెన్షన్ వయసు గురించే. అమెరికాలో మెడికల్ స్కూల్లో చేరడానికి వయసు పరిమితి లేదు. చేరేవాళ్ల సగటు వయసు 24 దగ్గర ఉంటుంది, అయినా ముప్పైల్లో ఉన్నవాళ్లు చాలా బ్యాచుల్లో కనిపిస్తారు, అప్పుడప్పుడు నలభై దాటినవాళ్లు కూడా. కాబట్టి అర్హత ఉందా లేదా అన్న మీమాంస వదిలేసి కాలం లెక్క వేసుకోండి. సైన్స్ కోర్సులకి రెండేళ్లు, ఉద్యోగం చేస్తూ చదివితే మూడేళ్లు. అప్లికేషన్‌కి ఏడాది పైన. మెడికల్ స్కూల్ నాలుగేళ్లు. ఆ తర్వాత రెసిడెన్సీ, అంటే ఎంచుకున్న విభాగంలో ఆసుపత్రి శిక్షణ: ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ అయితే మూడేళ్లు, సైకియాట్రీ నాలుగు, జనరల్ సర్జరీ ఐదు, న్యూరోసర్జరీ ఏడు. ఈ రోజు 32 ఉన్న మనిషి మూడేళ్ల రెసిడెన్సీ ఎంచుకుని, అన్నీ సజావుగా సాగితే 42కి సొంతంగా ప్రాక్టీస్ చేయగలరు. ఈ లెక్క మీ ఇంట్లోవాళ్ల ముందు కాగితం మీద పెట్టి మాట్లాడండి, ఎందుకంటే ఈ పదేళ్లలో మీ భార్యో భర్తో మోయబోయే బరువు మీరు మోసేదానికి తక్కువేమీ కాదు.

ఆ తర్వాత నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: వరస తప్పకండి. ముందు రోగుల దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాత కోర్సులు, ఆ తర్వాత ఎమ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష, చివర్లో అప్లికేషన్. చాలామంది ఎమ్‌క్యాట్ పుస్తకాలు కొనడంతో మొదలుపెట్టి, రెండేళ్లు రసాయనశాస్త్రం చదివి, అప్లికేషన్ తెరిచే నెలలో హడావిడిగా ఆసుపత్రిలో వాలంటీర్ పని వెతుక్కుంటారు. సీటు ఇచ్చేవాళ్లకి అది తేదీలు చూడగానే తెలిసిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఆ పని మీకు నిజంగా నచ్చుతుందో లేదో వేల డాలర్లు ఖర్చయ్యాక తెలుస్తుంది.

రోగుల దగ్గరికి అంటే ఎలా

డాక్టర్ వెనకాల నిలబడి చూడటం ఒకటి, దాన్నే షాడోయింగ్ అంటారు. రోగికి స్వయంగా ఏదో ఒకటి చేసిపెట్టడం ఇంకొకటి. రెండూ కావాలి, కానీ రెండోదానికే విలువ ఎక్కువ. ఉద్యోగం ఉన్నవాళ్లకి శని, ఆదివారాల్లో హాస్పిస్‌లో, అంటే చివరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునేచోట, వాలంటీర్ పని బాగా కుదురుతుంది. ఎమర్జెన్సీ వార్డులో సాయంత్రం షిఫ్టులు దొరుకుతాయి. కొన్ని నెలల శిక్షణ తీసుకోగలిగితే ఈఎమ్‌టీ (అత్యవసర వైద్య సహాయకులు) సర్టిఫికెట్‌తో అంబులెన్స్‌లో పని చేయొచ్చు. మెడికల్ స్క్రైబ్ ఉద్యోగంలో డాక్టర్ పక్కనే ఉండి కేసు వివరాలు టైప్ చేస్తారు కాబట్టి డాక్టర్ ఎలా ఆలోచిస్తారో దగ్గర్నుంచి తెలుస్తుంది. షాడోయింగ్‌కి ఎవరిని అడగాలో తెలియకపోతే మీరు చూపించుకునే డాక్టర్‌నే అడగండి, లేదంటే పిల్లల డాక్టర్‌ని. సగం మంది కాదంటారు, ఫరవాలేదు.

చూసినది ఆ రాత్రే రాసిపెట్టుకోండి. నేను ఎమర్జెన్సీ వార్డులో వాలంటీర్‌గా దుప్పట్లు అందించే రోజుల్లో, ఒక పెద్దాయన ఏం అడిగినా సరేనంటూ తల ఊపుతున్నాడు. నర్సు రెండుసార్లు వచ్చి మందుల వివరాలు చెప్పింది, రెండుసార్లూ సరే అన్నాడు. కుర్చీ మీదున్న ఆయన కోటు మడతపెడుతుంటే జేబులో చిన్న డబ్బా తగిలింది, అందులో ఆయన వినికిడి యంత్రం ఉంది. అది పెట్టుకున్నాక నర్సు మళ్లీ అడిగితే, ఇంట్లో వేసుకునే మాత్రల పేర్లలో సగం ముందు ఆయన సరేనన్నవి కావని తేలింది. ఇంత చిన్న సంగతి రెండేళ్ల తర్వాత గుర్తుండదు, కానీ అప్లికేషన్ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు మీకు పనికొచ్చేది ఇలాంటిదే.

కోర్సులు

ఎక్కువ స్కూళ్లు అడిగేవి ఇవి: బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కోటి ఏడాది పాటు ల్యాబ్‌తో సహా, పైన బయోకెమిస్ట్రీ ఒక సెమిస్టర్. స్టాటిస్టిక్స్, సైకాలజీ, సోషియాలజీ, ఇంగ్లీష్ స్కూల్ని బట్టి మారతాయి. ఎప్పుడో చదివేశాం అనుకుంటే కూడా చూసుకోండి, కొన్ని స్కూళ్లు మరీ పాత కోర్సుల్ని ఒప్పుకోవు.

వీటిని చదవడానికి రెండు దారులు. వృత్తి మార్చుకునేవాళ్ల కోసమే నడిపే పోస్ట్‌బ్యాక్ ప్రోగ్రాములు ఉన్నాయి, బ్రిన్ మార్, గౌచర్, స్క్రిప్స్ కాలేజీలవి పేరున్నవి. పగటి తరగతులు, ఉద్యోగం మానేయాలి, ఫీజు ఎక్కువ, కానీ సలహా ఇచ్చే మనుషులు ఉంటారు, కొన్ని మెడికల్ స్కూళ్లతో నేరుగా ఒప్పందాలు కూడా ఉంటాయి. రెండోది సొంత దారి: దగ్గర్లోని స్టేట్ యూనివర్సిటీలోనో కమ్యూనిటీ కాలేజీలోనో సాయంత్రం ఒక్కో కోర్సు చేసుకుంటూ పోవడం. ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్లకి రెండోదే నయమని నా ఉద్దేశం. కమ్యూనిటీ కాలేజీ కోర్సుల్ని ఎక్కువ స్కూళ్లు తీసుకుంటాయి, అయినా ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ లాంటివి నాలుగేళ్ల యూనివర్సిటీలో చేస్తే మంచిది.

ఏ దారైనా సెమిస్టర్‌కి ఒకటో రెండో కోర్సులతో మొదలుపెట్టండి. తొందరపడి నాలుగు తీసుకుని బీ గ్రేడ్లు తెచ్చుకోవడం కంటే రెండు తీసుకుని ఏ గ్రేడ్లు తెచ్చుకోవడం ఎంతో మేలు. ఒకసారి తప్పిన కోర్సు మళ్లీ చదివినా పాత గ్రేడు చెరిగిపోదు, అప్లికేషన్ సర్వీసు రెండింటినీ జీపీఏలో కలుపుతుంది.

ఇండియాలో డిగ్రీ చేసి వచ్చినవాళ్లు

ఇక్కడే మనవాళ్లకి ఎక్కువ గందరగోళం, అందుకే కాస్త వివరంగా చెప్తాను. అమెరికాలో డాక్టర్ డిగ్రీలు రెండు రకాలు, ఎండీ, డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్). ఎండీ స్కూళ్లకి ఆమ్‌కాస్ అనే ఉమ్మడి సర్వీసు ద్వారా అప్లై చేస్తారు. విదేశీ డిగ్రీని అందులో నమోదు చేయొచ్చు గానీ ఆ మార్కుల్ని వాళ్లు పరిశీలించరు, జీపీఏలో కలపరు. చాలా స్కూళ్లు అమెరికాలోనో కెనడాలోనో చేసిన బ్యాచిలర్ డిగ్రీ ఉండాలంటాయి, కొన్ని మాత్రం ఇక్కడ నిర్ణీత క్రెడిట్లు పూర్తిచేస్తే చాలంటాయి. మీ బీటెక్ మీద ఇక్కడ ఎమ్మెస్ చేసి ఉంటే ఆ జీపీఏ విడిగా గ్రాడ్యుయేట్ లైన్లో కనిపిస్తుంది, అండర్‌గ్రాడ్యుయేట్ జీపీఏతో కలవదు. అంటే మీరు ఇప్పుడు చేయబోయే సైన్స్ కోర్సులే దాదాపుగా మీ అండర్‌గ్రాడ్యుయేట్ జీపీఏ అంతా. భయపడాల్సిందేమీ లేదు, పాత మార్కులు బాగా లేనివాళ్లకి ఇది అనుకూలం కూడా. కాకపోతే ఒక్క సీ గ్రేడు వచ్చినా దాన్ని పలచన చేయడానికి వెనకాల వంద క్రెడిట్లు ఉండవు.

డీఓ స్కూళ్ల సర్వీసు పేరు ఆకోమాస్. అక్కడ విదేశీ చదువుకి వెస్ లాంటి సంస్థతో కోర్సువారీ మూల్యాంకనం చేయించి పంపాలి.

ఇక వీసా. గ్రీన్ కార్డు లేకపోతే చాలా స్కూళ్ల తలుపులు మూసుకుంటాయి, ప్రభుత్వ స్కూళ్లలో మరీ ఎక్కువ. ఫెడరల్ లోన్లు కూడా రావు. హెచ్‌వన్‌బీ మీద ఉంటే ఉద్యోగం చేస్తూ సాయంత్రం కోర్సులు చదువుకోవచ్చు, కానీ ఫుల్‌టైమ్ మెడికల్ స్కూల్లో చేరాలంటే స్టేటస్ మార్చుకోవాలి. ఏఏఎమ్‌సీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) నడిపే ఎమ్‌సార్ అనే డేటాబేస్‌లో ప్రతి ఎండీ స్కూల్ అంతర్జాతీయ విద్యార్థుల్ని తీసుకుంటుందో లేదో ఉంటుంది. కోర్సులకి డబ్బు కట్టకముందే అది చూసి, మీ పరిస్థితి రెండు వాక్యాల్లో రాసి స్కూళ్ల అడ్మిషన్ ఆఫీసులకి ఈమెయిల్ పెట్టండి. జవాబు రాతపూర్వకంగా ఉంచుకోండి.

ఎమ్‌క్యాట్

నాలుగు భాగాలు, ఒక్కోదానికి 118 నుంచి 132, మొత్తం 472 నుంచి 528. విరామాలతో కలిపి ఏడున్నర గంటలు. ఈ మధ్య చేరినవాళ్ల సగటు 511, 512 మధ్య ఉంటోంది. ఏడాదిలో 3 సార్లు, రెండేళ్లలో 4 సార్లు, జీవితంలో 7 సార్లు మించి రాయకూడదు, రాసి స్కోరు వద్దనుకున్నా అది కూడా లెక్కే. స్కోరు వచ్చిన ప్రయత్నాలన్నీ స్కూళ్లకి కనిపిస్తాయి కాబట్టి ఎలా ఉంటుందో చూద్దామని మాత్రం వెళ్లొద్దు.

ఏఏఎమ్‌సీ అధికారిక ప్రాక్టీస్ పరీక్షలు దాచుకుని చివరి రెండు నెలల్లో, అసలు పరీక్ష మొదలయ్యే సమయానికే కూర్చుని రాయండి. వాటిలో వరసగా మీకు కావాల్సిన స్కోరు వస్తేనే పరీక్షకి వెళ్లండి. ఇంజినీర్లకి ఫిజిక్స్ భాగం తొందరగానే దారిలోకి వస్తుంది, ఏడిపించేది కార్స్ అనే చదివి అర్థం చేసుకునే భాగం. 90 నిమిషాల్లో 53 ప్రశ్నలు, సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం మీద పేరాలు, బయటి జ్ఞానం అక్కర్లేదు, రచయిత ఏమంటున్నాడో పట్టుకోవాలి. కంఠస్థం పట్టేవి అందులో ఏమీ ఉండవు కాబట్టి ఆర్నెల్ల ముందు నుంచే రోజూ కొంచెం కొంచెం చేయాలి.

అప్లికేషన్

చేరాలనుకున్న ఏడాదికి ముందు ఏడాదే అప్లై చేయాలి. ఆమ్‌కాస్ మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివర్లోనో జూన్ మొదట్లోనో పంపొచ్చు. సీట్లు ఎప్పటికప్పుడు నిండుతుంటాయి, పైగా రద్దీలో ట్రాన్‌స్క్రిప్టుల పరిశీలనకే ఆరు వారాల దాకా పట్టొచ్చు, అందుకే జూన్‌లో పంపడమూ సెప్టెంబర్‌లో పంపడమూ ఒకటి కాదు. ఆ తర్వాత స్కూళ్ల నుంచి రెండో విడత వ్యాసాలు కుప్పలుగా వస్తాయి, ఒక్కోటి రెండు వారాల్లో తిరిగి పంపేలా ముందే చిత్తుప్రతులు రాసిపెట్టుకోండి. టెక్సాస్‌లో ఉంటే అక్కడి ప్రభుత్వ స్కూళ్లకి వేరే సర్వీసు ఉంది, సీట్లలో 90 శాతం ఆ రాష్ట్రంవాళ్లకే. ఎక్కడున్నా మీ రాష్ట్రం స్కూళ్లని ముందు పెట్టుకోండి, డీఓ స్కూళ్లని చిన్నచూపు చూడకండి. రోగికి ఇద్దరూ డాక్టర్లే, రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్ కూడా ఇద్దరికీ ఒకటే.

పని అనుభవం రాసేచోట 15 అంశాల దాకా పెట్టొచ్చు, ఒక్కోదానికి 700 అక్షరాలు. మనవాళ్లు ఇక్కడ రెజ్యూమె తెచ్చి అతికిస్తారు. ‘క్లౌడ్ మైగ్రేషన్‌కి నాయకత్వం వహించి ఖర్చు తగ్గించాను’ అని రాస్తే చదివే డాక్టర్‌కి ఏమీ అందదు. అదే పనిని ‘అర్ధరాత్రి సిస్టమ్ ఆగిపోయినప్పుడు కారణం తెలియకముందే కస్టమర్‌కి ఫోన్ చేసి మాకు ఏం తెలుసో ఏం తెలియదో ఉన్నదున్నట్టు చెప్పాల్సి వచ్చేది’ అని రాయండి. ఆసుపత్రిలో ఆ మాట ఎంత అవసరమో వాళ్లకి మీరు విడిగా చెప్పక్కర్లేదు. ముఖ్య వ్యాసానికి 5,300 అక్షరాలు. చిన్నప్పటి కలతో మొదలుపెట్టకండి. ఇంతకాలం చేసిన పని మీద విరక్తి కూడా కారణంగా రాయకండి, పారిపోయి వస్తున్న మనిషిలా కనిపిస్తారు. ఇక్కడికి ఏది లాక్కొచ్చిందో అది రాయండి.

సిఫార్సు లేఖలు సాధారణంగా ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్ల నుంచి కావాలి, పైన మీ మేనేజరు, మీరు పనిచేసిన డాక్టరు. సాయంత్రం క్లాసులో వందమందిలో ఒకరిగా ఉంటే ప్రొఫెసర్‌కి మీ పేరు కూడా తెలియదు. మొదటి నెల నుంచే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి, సందేహం ఉన్నప్పుడే కాదు, లేనప్పుడు కూడా.

ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు కచ్చితంగా వస్తాయనుకుని సిద్ధపడండి. ఇప్పుడే ఎందుకు? నర్సో, ఫిజీషియన్ అసిస్టెంటో ఎందుకు కాకూడదు? రెండోదానికి ఆ వృత్తుల్ని తక్కువ చేసి మాట్లాడితే అక్కడితో సరి. వాళ్లతో పనిచేసి ఉంటేనే నిజాయితీగా జవాబు చెప్పగలరు. ముందు రోగుల దగ్గరికి వెళ్లమన్నది ఇందుకు కూడా.

డబ్బు సంగతి చివరికి వదిలేయొద్దు. గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి లేవు, ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లకి పరిమితం. ప్రైవేటు స్కూళ్లలో బతుకు ఖర్చులతో కలిపి నాలుగేళ్లకి 3 లక్షలు దాటడం మామూలే. ఆ తేడా పొదుపు, స్కాలర్‌షిప్పు, ప్రైవేటు లోను, ఇంట్లో రెండో జీతం వీటిలోంచే రావాలి. న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ గ్రాస్‌మన్ మెడికల్ స్కూల్ 2018 నుంచి, ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ మెడికల్ కాలేజీ 2024 నుంచి ట్యూషన్ ఫీజు ఎత్తేశాయి, సహజంగానే అక్కడ పోటీ తీవ్రంగా ఉంటుంది.

సీటు వచ్చిందని ఫోన్ రాగానే ఉద్యోగానికి రాజీనామా పంపకండి. ఒకటి కంటే ఎక్కువ సీట్లు వస్తే ఏప్రిల్ 30కి ఒక్కటే ఉంచుకోవాలి, ఈలోగా బ్యాక్‌గ్రౌండ్ చెక్, టీకాల రికార్డులు, ఆర్థిక సహాయం లేఖ అన్నీ తేలాలి. అవి చేతిలోకి వచ్చాక, ఆరోగ్య బీమా ఏ తేదీన ఆగుతుందో హెచ్ఆర్‌ని అడిగి, దాన్ని బట్టి ఆఖరి పనిదినం పెట్టుకోండి.